చచ్చిన చేపల ఫొటో కాదు, పీహెచ్ అంకె వేయండి

ఎడిటర్ గారికి,

మొన్న మీ పేపర్లో సముద్రాలు ఆమ్లంగా మారుతున్నాయని ఒక వార్త వచ్చింది. విషయం నిజమే, కాదనను. కానీ పక్కనే ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపల ఫొటో వేశారు, అది చూసి మా ఊరి టీ కొట్టు దగ్గర రెండు రోజులు అదే ముచ్చట, ఇక మైపాడులో స్నానం చేస్తే ఒళ్లు మండుతుందట, చేపల పులుసు తింటే కడుపులో యాసిడ్ తిరుగుతుందట. అయ్యా, చేపలు అలా గుంపుగా చచ్చి తేలేది చాలావరకు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయినప్పుడు. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు) ఆగితే రొయ్యల గుంటలో ఏమవుతుందో మా జిల్లాలో పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆమ్లం సంగతి అలా కాదు, చప్పుడు లేకుండా వస్తుంది, కొలిస్తే తప్ప కనబడదు.

నేను ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు చేస్తాను. మొదట టైగర్ రకం, తర్వాత వెనామీ రకం. శాస్త్రవేత్తను కాను, కానీ పీహెచ్ అన్న మాట మా ఇంట్లో ఉప్పు, పప్పు మాదిరి రోజూ వినబడేదే. నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె అది, 7 అంటే మధ్యస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. పొద్దున ఆరింటికి చూస్తే 7.8 ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి 8.3 అవుతుంది. రాత్రంతా రొయ్య, నాచు, అడుగున బురద అన్నీ ఊపిరి వదులుతాయి కదా, ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి పీహెచ్ పడిపోతుంది. ఎండ వచ్చాక నాచు దాన్ని పీల్చుకుంటుంది, పీహెచ్ మళ్లీ లేస్తుంది.

సముద్రంలో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ కార్బన్ డయాక్సైడ్ పైనుంచి, గాలిలోంచి దిగుతోంది. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో అది 280 పీపీఎం (పది లక్షల వంతుల్లో 280) ఉండేది, హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద 1958లో కీలింగ్ అనే ఆయన కొలవడం మొదలుపెట్టేసరికి 315 దగ్గర ఉంది, ఇప్పుడు 420 దాటింది. మనం వదిలే దాంట్లో దాదాపు పావు వంతు సముద్రమే మింగుతోంది. దానివల్ల సముద్రం పైనీటి పీహెచ్ సగటున 8.2 నుంచి 8.1కి వచ్చింది. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు, ఆ లెక్కన 0.1 తగ్గడమంటే ఇంచుమించు 26 శాతం పెరగడం. అయినా 8.1 అంటే ఇంకా క్షారం వైపే, స్నానాలకు భయపడాల్సిన పని లేదు.

గవ్వ మీద నిమ్మరసం పిండితే బుస్సున పొంగుతుంది చూడండి, సముద్రంలో గుల్లలన్నీ అలా కరిగిపోతాయని స్కూల్లో చూపిస్తున్నారు. నిమ్మరసం పులుపు ఎక్కడ, సముద్రం ఎక్కడ? అసలు ఇబ్బంది గుల్ల కట్టుకోవడంలో ఉంది. గుల్లకు కావాల్సిన కార్బొనేట్ నీళ్లలో తగ్గిపోతుంది, పిల్ల ప్రాణి తినే తిండిలో మునుపటికన్నా ఎక్కువ వాటా ఆ పనికే పోతుంది. రొయ్య, పీత కొంత తట్టుకుంటాయి, ముందు దెబ్బ తినేది ఆలిచిప్పల పిల్లలే.

అమెరికాలో ఒరెగాన్ తీరాన 2007, 2008లో ఆలిచిప్పల హేచరీల్లో (పిల్లలను పుట్టించే కేంద్రాల్లో) పిల్లలు కుప్పలుగా చచ్చిపోయాయి. మొదట బ్యాక్టీరియా అనుకున్నారు (మనకూ ఏ గుంట పోయినా ముందు నోటికొచ్చే మాట వైరస్సే కదా). చివరికి మీటర్లు పెట్టి చూస్తే, సముద్రం అడుగు నుంచి పైకొచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉందని తేలింది. ఆ తర్వాత వాళ్లు చేసిన పని వింటే మా వాళ్లకు నవ్వొస్తుంది, నీళ్లు పొద్దున కాకుండా మధ్యాహ్నం తోడుకోవడం, సోడా యాష్ కలపడం. మనం డోలమైట్, సున్నం చల్లినట్టే! మన తీరం పొడవునా రొయ్య సీడ్ (పిల్లలు) తీసే హేచరీలు కూడా సముద్రం నీళ్ల మీదే ఆధారపడ్డాయి.

ఇక కొలత సంగతి. మా చేతిలో ఉండే పీహెచ్ పెన్ను 0.1 తేడా చూపిస్తే గొప్ప. సముద్రంలో సగటున ఏడాదికి తగ్గేది 0.002 దగ్గర. అంటే ఆ పెన్నుతో చూస్తూ కూర్చుంటే ఆ 0.1 కదలడానికి యాభై ఏళ్లు పడుతుంది. దీనికి రంగు కలిపి కాంతితో కొలిచే పరికరాలు వేరే ఉన్నాయి. పైగా పీహెచ్ ఒక్కటీ చాలదు, అల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) అయినా, నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ అయినా దాంతోపాటు కొలవాలి. ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక ఏడాది కార్తీకంలో తెరిపి లేని వానలు పడి కాలువ నీళ్లు బాగా చప్పబడ్డాయి, ల్యాబ్‌లో పీహెచ్ మాత్రమే చూసి నీళ్లు బ్రహ్మాండం అన్నారు, ఇరవై రోజులకు గుంటంతా లూజ్ షెల్, అంటే రొయ్య పెంకు వదులై మెత్తబడిపోవడం. రెండో ల్యాబ్‌లో అల్కలినిటీ చూస్తే అడుగంటి ఉంది. అప్పటికి ఇరవై కౌంటుకు (కిలోకు ఇరవై రొయ్యలు) పోవాల్సిన సరుకు వచ్చిన రేటుకు అమ్ముకున్నాను.

బంగాళాఖాతంలో కొలతలు అసలే లేవని కాదు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్లు 2013 నవంబరులో ఇదే పని కోసం ఒక బోయా (నీళ్లపై తేలుతూ కొలిచే పరికరం) వేశారు, 15 డిగ్రీల అక్షాంశం, 90 డిగ్రీల రేఖాంశం దగ్గర. మ్యాపు తీసి చూస్తే అది మన రామాయపట్నానికి సరిగ్గా తూర్పున ఉంది, వెయ్యి కిలోమీటర్ల పైన! నడిసముద్రం లెక్కకు అది మంచిదే. మన ఒడ్డు లెక్క వేరు. ఇక్కడ పెన్నా నీళ్లు కలుస్తాయి, పొలాల యూరియా, డీఏపీ కొట్టుకొస్తాయి, మా గుంటల నీళ్లూ కలుస్తాయి (మా తప్పు దాచుకోను), వాటితో నాచు పెరిగి కుళ్లితే కార్బన్ డయాక్సైడ్ ఇక్కడికిక్కడే పుడుతుంది. కృష్ణపట్నం వైపు బొగ్గు ప్లాంట్లున్నాయి, బొగ్గు పొగలోని గంధకం, నైట్రోజన్ కూడా సముద్రం మీద పడితే ఆమ్లమే. ఇందులో ఎవరి వాటా ఎంత అని ఊరికే కొట్లాడుకునే బదులు కొలిస్తే సరిపోదా?

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో మా బోటు వాళ్లకు చెబుతున్నారు. నీటి నాణ్యత చూసే బోయాలు విశాఖ దగ్గర, కొచ్చి దగ్గర వేశారు. అలాంటిది ఒకటి మన తీరానికీ ఇప్పించమని మీరు రాయండి. సీసాలో నీళ్లు పట్టుకెళ్లి నెలల తర్వాత రిపోర్టు ఇస్తే పనికిరాదు, పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండే నీళ్లకు రాత్రీపగలూ నడిచే మీటరే కావాలి. చోటు కావాలంటే జువ్వలదిన్నె హార్బర్ ఉంది, గోడ లోపల కాదు, లోపలి నీళ్లలో డీజిల్, చేపల కడుగునీళ్లు తప్ప ఏమీ తెలియదు, గోడ బయట పెట్టాలి.

ఆ మీటరు వచ్చిన రోజు నుంచి మీ జిల్లా పేజీలో రొయ్యల కౌంటు రేట్లు వేస్తారు చూడండి, ముప్పై కౌంటు ఇంత, నలభై కౌంటు ఇంత అని, దాని కిందే పొద్దున ఆరింటి లెక్క, మధ్యాహ్నం మూడింటి లెక్క వేయండి. చచ్చిన చేపల ఫొటో అంత చోటు కూడా పట్టదు.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా