వార్షిక నివేదిక: పాదం గాయాలు, ఆపరేషన్లు, తిరిగి మైదానంలోకి

మన క్రీడా సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోటీలు, శిక్షణ శిబిరాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా తిరిగింది పాదం గాయాల కోసమే కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తున్నాం.

లాంగ్‌జంప్ చేసే మన అమ్మాయికి ఇసుకలో దిగేటప్పుడు పాదం మెలిపడింది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, బెణుకన్నారు. వారమైనా మునివేళ్ల మీద లేవలేకపోయింది. కోచ్ షూ, సాక్సు విప్పించి చూస్తే అరికాలి మధ్యలో నీలంగా కమిలి ఉంది. అలా కమిలితే లిస్‌ఫ్రాంక్ గాయమేమోనని, అంటే పాదం మధ్యలో ఎముకలు కలిసేచోట దెబ్బతిందేమోనని అనుమానించాలి. ఈసారి నిలబెట్టి, రెండు పాదాలకూ కలిపి ఎక్స్‌రే తీయిస్తే పాదం మధ్యలో ఎముకలు ఎడమైనట్టు తేలింది. ప్లేటు, స్క్రూలు వేసి సరిచేశారు. మొదటి రోజే నిలబెట్టి తీసి ఉంటే ఆ పిల్ల వారం రోజులు ఆ కాలిమీద నడిచేది కాదు. ఈ బాధ మాకింకా పోలేదు.

రెండోది జోన్స్ ఫ్రాక్చర్. చిటికెన వేలి వైపుండే ఐదో మెటాటార్సల్ (పాదంలోని పొడవాటి ఎముక) మొదలు దగ్గర వస్తుంది. డాన్స్ చేస్తూ తన పాదానికే తగిలిన ఈ దెబ్బ గురించి సర్జన్ రాబర్ట్ జోన్స్ 1902లో రాశారు. అక్కడ రక్తప్రసరణ తక్కువ. కట్టు వేసినా అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతకదు. అందుకే ఆటగాళ్లకు ఎముక లోపలికి పొడవుగా స్క్రూ వేస్తారు. స్క్రూ పడింది కదా అని తొందరపడితే మళ్లీ విరగొచ్చు. బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్‌కు 2014 అక్టోబరులో స్క్రూ వేశారు, 2015 మార్చిలో ఎముక గ్రాఫ్ట్ (అతకడానికి అదనంగా పెట్టే ఎముక) పెట్టాల్సి వచ్చింది.

పరుగు వీరులకు ఒక మాట. పాదం పైభాగంలో, నొక్కితే ఒకేచోట నొప్పి ఉంటే పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముకలో సన్నని పగులు కావచ్చు. మామూలు ఎక్స్‌రేలో తరచూ దొరకదు, సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అవసరం.

ఇకపై ఆపరేషన్ అయినవారిని జట్టులోకి తీసుకునేది టోర్నీ తేదీని బట్టి కాదు, ఎముక అతికిందని సర్జన్ రాసిచ్చాకే. దీనిమీద టెన్షన్ పడ్డ తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాం. చంకకర్రలు, వాకింగ్ బూట్లు సంఘం తరఫున కొన్నాం, అవసరమైనవాళ్లు మొహమాటపడకుండా అడగండి.

మన లాంగ్‌జంప్ అమ్మాయి ఇప్పుడు ఈత కొడుతోంది. వచ్చే ఎక్స్‌రే చూశాకే రన్నప్ సంగతి.

ఇట్లు,
కార్యదర్శి