జయాన్ లోయలో మూన్‌లైట్ బట్రెస్: సాయపడిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఈ ఏప్రిల్‌లో అమెరికాలో యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్కులో మూన్‌లైట్ బట్రెస్ అనే నిట్టనిలువు రాతిగోడ ఎక్కి మా జట్టంతా క్షేమంగా దిగాం. ఊరికే థ్యాంక్స్ చెప్పి వదిలేస్తే అందిన సాయం మా దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఎవరేం చెప్పారో, అది ఎందుకు పనికొస్తుందో కూడా రాస్తున్నాం.

మొదటి నమస్కారం పార్కులో పర్మిట్లు ఇచ్చే వైల్డర్‌నెస్ డెస్కు రేంజర్లకి. మేం ముందు అనుకున్నది ఏంజెల్స్ ల్యాండింగ్ గోడ మీది ప్రాడిగల్ సన్ అనే దారి. డేగలు గూడు పెట్టే కాలమని ఏటా మార్చి 1 నుంచి మూసే గోడల జాబితాలో ఆ గోడా ఉంది. గ్రేట్ వైట్ త్రోన్, ఐజాక్, సెంటినెల్, ఈస్ట్ టెంపుల్ లాంటివీ అందులోవే. పెరిగ్రిన్ డేగలు పుల్లలతో గూడు కట్టవు, గోడలోని అరుగు మీద చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. పొదగడానికి నెల పైచిలుకు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరు వారాలు పడుతుంది. ఆ మధ్యలో మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్డు చల్లబడుతుంది, పిల్ల ఎండకు మాడుతుంది. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకులు పలచబడి ఈ జాతి అంతరించే దశకు వచ్చింది. అమెరికా 1972లో ఆ మందును నిషేధించింది, 1999లో గానీ ఈ డేగ ప్రమాద జాబితా నుంచి బయటపడలేదు. ఆ ఏడు గూడు పెట్టని గోడలను వసంతం చివర్లో తెరుస్తారు, మిగతావి పిల్లలు ఎగిరాకే. కాబట్టి పాత గైడుబుక్కునో నిరుటి పోస్టునో నమ్మకండి, బయల్దేరే వారం పార్కు వెబ్‌సైట్లో ఉన్న జాబితా చూసుకోండి. మూన్‌లైట్ మాకు తెరిచే ఉంది, అదీ ప్రాడిగల్ సన్ ఉన్న బిగ్ బెండ్ అనే లోయ మలుపులోనే.

1971లో జెఫ్ లో, మైక్ వీస్ తొలిసారి ఎక్కిన దారి ఇది. సుమారు 1,200 అడుగులు, తొమ్మిది పది పిచ్‌లు (ఒక్కో తాడు మజిలీ ఒక పిచ్). ఫ్రీగా, అంటే చేతులూ కాళ్లతోనే ఎక్కితే 5.12డి, చాలా కష్టమైన గ్రేడు; ఎయిడ్‌లో, అంటే బీటల్లో పెట్టిన పరికరాలకు వేలాడుతూ ఎక్కితే సీ1, తేలిక గ్రేడు. 2008లో అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా 83 నిమిషాల్లో ఎక్కేశాడు. ఆ లెక్క మనకు పనికిరాదు లెండి.

డెన్వర్ తమ్ముడికి పెద్ద థ్యాంక్స్, తన క్యామ్‌లన్నీ (రాతి బీటలో పెడితే విచ్చుకుని పట్టే పరికరాలు) మా చేతిలో పెట్టినందుకు. ఈ దారిలో పైదాకా వేలి మందం బీటలే. 0.3 నుంచి 0.75 దాకా ఒక్కో సైజు నాలుగేసి ఉండాలి, 1, 2 సైజులు రెండేసి చాలు. వీటికి ఒక సెట్టు ఆఫ్‌సెట్ నట్లు (బీటలో ఇరికించే, ఏటవాలు ఆకారపు లోహపు ముక్కలు) కలపండి. పూర్వం పిటన్లు (సుత్తితో దిగ్గొట్టే ఇనుప మేకులు) కొట్టి తీసిన గుంటల్లో మామూలు నట్టు తిరిగిపోతుంది, ఆఫ్‌సెట్ మాత్రం కూర్చుంటుంది. సుత్తి తీసుకెళ్లొద్దు, అక్కర్లేదు.

మెత్తటి ఇసుకరాయిలో క్యామ్ ఎలా పెట్టాలో ఓపిగ్గా నేర్పిన ఫీనిక్స్ అక్కకి ఎంత చెప్పినా తక్కువే. క్యామ్‌ను సగం కంటే ఎక్కువే మూసి, బీట అంచుకు కాకుండా కాస్త లోపల పెట్టాలి. అంచు రాయి ముందు పెళ్లలుగా ఊడుతుంది. ఎయిడర్ (కాలు పెట్టే బట్ట నిచ్చెన) తగిలించాక మొదట మెల్లగా, తర్వాత గట్టిగా కుదపాలి. కుదిపేటప్పుడు ముఖం కిందికి తిప్పుకోవాలి, ఎందుకంటే ఊడిన క్యామ్ నేరుగా పళ్ల మీదికే వస్తుంది. వెనక క్యామ్‌లు పీకి ముందు వాడుకోవడం మంచిదే. అయితే ఆశకు పోయి వరసగా పది అడుగులు ఖాళీ వదిలితే, పడినప్పుడు ఇరవై అడుగులు దాటుతుంది. తాడు సాగేది ఆపైన. జుమార్లతో (తాడును పట్టి పైకి జరిగే పట్టీలతో) వచ్చే రెండో మనిషి ప్రతి ముప్పై అడుగులకీ తాడుకు ముడి వేసి నడుముకు తగిలించుకోవాలి. తాడుకు అంటిన ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది, తాడును ఆపే బెలే డివైస్ అల్యూమినియం కళ్లముందే అరుగుతుంది.

అక్కే వాన సంగతీ చెప్పింది. నవాజో ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటే రేణువులను పట్టి ఉంచే బంధం సడలుతుంది, మామూలు రోజున బరువు ఆపిన అరచేతంత పలక ఊడి వస్తుంది. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. గోడ మొదట్లో నాలుగు వేళ్ల లోతు ఇసుక తవ్వి చూడండి, చల్లగా ముద్దగా తగిలితే ఆ రోజు ఎక్కొద్దు. ఒకటి నుంచి మూడు రోజులు ఆగాలి, నీడ గోడలకు ఇంకా ఎక్కువ. బోల్టున్నా అంతే, బోల్టును పట్టుకునేదీ ఆ రాయే కదా.

గోడ దగ్గరికి వెళ్లే దారిలో వర్జిన్ నది దాటడంలో మెళకువలు చెప్పిన సెయింట్ జార్జ్ పెద్దాయనకు కృతజ్ఞతలు. ఏప్రిల్‌లో మంచు కరిగి నది పొంగుతుంది. నదిలో నడిచే న్యారోస్ దారిని ప్రవాహం 150 సీఎఫ్‌ఎస్ (సెకనుకు ఘనపు అడుగులు) దాటితే మూసేస్తారు. పైన బరువు మూటలతో దాటే మనకూ అదే గీత అనుకోవడం మేలు. తెల్లవారుజామున నీరు తక్కువా, మధ్యాహ్నానికి ఎక్కువా ఉండొచ్చు. చేతికర్ర తీసుకోండి, బ్యాగు నడుం బకిల్ విప్పి దిగండి. కాళ్లు తడవడానికి వేరే బూట్లు ఉంచుకోండి. నది నీళ్లు తాగొద్దు: నాచు బ్యాక్టీరియా విషం మామూలు ఫిల్టర్లకు పోదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు పైకి మోసుకెళ్లాల్సిందే. గోడ తూర్పుముఖం, పొద్దున్నే నిప్పులు చెరుగుతుంది, మధ్యాహ్నం నీడ.

గోడ మధ్యలోని రాకర్ బ్లాకర్ అనే అరుగు దగ్గర మమ్మల్ని ముందు పోనిచ్చిన ఇద్దరికీ వందనాలు. పేరుకు తగ్గట్టే అక్కడి బండ కదులుతుంది, దానికేమీ కట్టొద్దు. చాలామంది అక్కడిదాకా ఎక్కి, 60 మీటర్ల తాళ్లు కట్టి దిగి మర్నాడు కొనసాగిస్తారు. గోడ మీదే పడుకోవాలంటే పర్మిట్ కావాలి, మలం సంచులూ కావాలి.

దిగడం తేలికే: పైనుంచి వెస్ట్ రిమ్ దారి పట్టుకుని స్కౌట్ లుకౌట్, వాల్టర్స్ విగిల్స్ మీదుగా గ్రోటో బస్సు స్టాపుకి. స్కౌట్ లుకౌట్ నుంచి ఏంజెల్స్ ల్యాండింగ్ కొనకు పోయే గొలుసుల దారి ఎక్కనంతవరకు ఏంజెల్స్ ల్యాండింగ్ పర్మిట్ అక్కర్లేదు. ఆఖరి బస్సు టైము మాత్రం ముందే చూసుకోండి.

లాస్ వెగాస్ అన్నా వదినలకు, అర్ధరాత్రి పప్పన్నంతో ఎదురుచూసినందుకు, ప్రత్యేక కృతజ్ఞతలు. తమ్ముడి క్యామ్‌లు గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఆరబెట్టి, మైనం పూసి ఉంచాం. శరదృతువులో గోడలు తెరిచాక ప్రాడిగల్ సన్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, తమ్ముడిని అడిగి వాళ్లకే పంపిస్తాం.