హోపీల కచీనా అలంకరణ బొమ్మ కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఆదివాసులైన హోపీలపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది గాని, కచీనాలను ‘అలంకరణ బొమ్మలు’ అని ఒక్క మాటలో తేల్చేయడం సబబుగా లేదు. కాటన్‌వుడ్ చెట్టు వేరును చెక్కి రంగులద్దిన ఆ ప్రతిమలను, శీతకాలం నుంచి జూలైలో జరిగే నిమాన్ వేడుక వరకు తమ ఊళ్లలో ఉండి వానలు తెస్తాయని హోపీలు నమ్మే దేవతాశక్తుల గుర్తుగా, ఆ దేవతల వేషాలు కట్టినవారే ఆడపిల్లల చేతికి అందిస్తారు. వేషధారుల ముఖకవచాలను హోపీలు ప్రాణమున్నవాటిగా చూస్తారు. 2013లో వాటిని పారిస్‌లో వేలం వేస్తుంటే, ఎంత మొరపెట్టుకున్నా అక్కడి కోర్టు ఆపలేదు. చివరికి ఆ డిసెంబరులో అమెరికా దాతృత్వ సంస్థ అనెన్‌బర్గ్ ఫౌండేషన్ కొన్నింటిని కొని తిరిగి ఇప్పించవలసి వచ్చింది.

వ్యాసకర్త ‘మొక్కజొన్న రొట్టె’ అని దాటవేసిన పీకీ కూడా రొట్టె కాదు. నీలి మొక్కజొన్న పిండిని బూడిద కలిపి జారుగా చేసి, కాగుతున్న నున్నటి రాతిపలకపై వట్టి చేత్తో పలచగా పూసి, ఆరిన పొరను లేపి చుడతారు. ఆత్రేయపురం పూతరేకు తీయడం చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

మరొక సవరణ: హోపీలలో మగ్గం మగవారిది. పెళ్లికూతురి తెల్లని నూలు వస్త్రాలను వరుడి వైపు మగవారే నేస్తారు. ఇల్లూ వంశమూ మాత్రం తల్లి వైపువి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం