తేలిగ్గా చేరనిచ్చినవాళ్లు తేలిగ్గా మాననివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఏదైనా సేవకు ఫోన్‌లో చందా కట్టాలంటే నిమిషం పట్టదు. కార్డు నంబరు, ఓటీపీ, అంతే. గడువు తీరగానే దానంతటదే మళ్లీ పొడిగించుకునే ఇలాంటి ఒప్పందాలు ఇప్పుడు సినిమాల యాప్ నుంచి జిమ్ దాకా, యాంటీవైరస్ నుంచి ఇంటర్నెట్ కనెక్షన్ దాకా అన్నిటికీ వచ్చేశాయి. వద్దనుకున్నప్పుడే తెలుస్తుంది, బయటపడటం ఎంత కష్టమో.

రద్దు చేసుకునే పేజీని ఒకసారి పరిశీలించి చూడండి. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో బిల్లింగ్, అక్కడ నిండు రంగులో 'కొనసాగించండి' అని పెద్ద బటన్. దాని కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో 'రద్దు'. అది నొక్కితే కారణం అడుగుతారు. కారణం చెబితే ధర తగ్గిస్తామంటారు. అదీ వద్దంటే కొన్నాళ్లు ఆపి ఉంచుతామంటారు. ఇవన్నీ దాటాక పనివేళల్లో ఫోన్ చేయమని రాసి ఉంటే ఏం చేయాలి? చేరడానికి లేని పనివేళలు మానడానికి ఎందుకు? చూపు సరిగా ఆనని పెద్దవాళ్లు ఆ చిన్న అక్షరాల దగ్గరే ఆగిపోతారు.

విసిగిపోయి చాలామంది బ్యాంకు యాప్‌లో ఆటోపే ఆపేస్తారు, లేదా ఫోన్‌లోంచి యాప్ తీసేస్తారు. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఆటోపే ఆపితే డబ్బు పోవడం ఆగుతుంది గానీ ఒప్పందం అలాగే ఉంటుంది, బకాయి ఉందంటూ నోటీసు రావచ్చు. అందుకే ముందు రద్దు కోరుతూ మెయిల్ పెట్టి, అందినట్టు జవాబు తీసుకుని, స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఆ తర్వాతే ఆటోపే జోలికి వెళ్లడం మంచిది.

అన్నిటికంటే అన్యాయమైనది నోటీసు గడువు. రద్దు కావాలంటే గడువు తీరడానికి 30 రోజుల ముందే చెప్పాలని కొన్ని ఒప్పందాల్లో ఎక్కడో లోపలి పేజీల్లో ఉంటుంది. ఒక్కరోజు దాటితే ఇంకో ఏడాది కట్టాల్సిందే. మన రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతోంది. ఆటోపేలో డబ్బు తీసేందుకు కనీసం 24 గంటల ముందు మనకు సందేశం రావాలి. మంచి నిబంధనే, కాదనను. కానీ 30 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయాక, ముందురోజు వచ్చే సందేశంతో వినియోగదారుడు చేయగలిగేదేముంది? వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు రద్దును కష్టం చేసే పద్ధతులను మోసపూరిత డిజైన్లలో చేర్చి నిషేధించాయి. నోటీసు గడువు సంగతి మాత్రం ఒప్పందాల్లోనే ఉండిపోయింది.

జర్మనీలో 2022 మార్చి 1 తర్వాత కుదిరిన ఇలాంటి ఒప్పందాలు మొదటి గడువు తీరాక మరో ఏడాదికి బిగుసుకోవు, ఎప్పుడైనా నెల నోటీసుతో బయటికి రావచ్చు. అదే ఏడాది జులై నుంచి వెబ్‌సైట్లలో రద్దు బటన్ కూడా తప్పనిసరి చేశారు. ఫ్రాన్స్ 2023 జూన్‌లో ఆన్‌లైన్ రద్దుకు వీలు కల్పించింది. అమెరికాలో చట్టసభ కాకుండా ఒక ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2024లో ఇలాంటి నిబంధనే తెచ్చినా, రూపొందించిన విధానంలో లోపముందని 2025 జులైలో కోర్టు కొట్టేసింది. కాబట్టి చట్టసభల్లోనే పక్కాగా చట్టం చేయడం మేలు.

గడువు తీరాక ఏడాదికి ఏడాది పొడిగించే షరతు చెల్లదని ఆ చట్టంలో స్పష్టంగా రాయాలి. అది కుదిరేదాకా కనీసం నోటీసు గడువు ముగిసే తేదీకి ముందే, ఆ తేదీతో సహా, రద్దు లింకుతో సందేశం పంపే బాధ్యత కంపెనీలపై పెట్టాలి. సందేశం పంపని కంపెనీ పొడిగించి తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు