చెంచు పెంటలో రాసుకున్నది బీరువాలో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఆంత్రపాలజీలో, అంటే మానవ శాస్త్రంలో, పీజీ చేస్తానంటే మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న, "దాంతో సివిల్స్ వస్తుందా?" అని. వాళ్లనేం అనలేం, హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ బోర్డులు చూస్తే ఈ సబ్జెక్టు పుట్టిందే యూపీఎస్సీ ఆప్షనల్ కోసం అనిపిస్తుంది. నా బాధ అది కాదు, ఫీల్డ్‌వర్క్ సంగతి.

రెండో ఏడాది మమ్మల్ని నల్లమలలో ఒక చెంచు పెంటకు, అంటే చెంచుల గూడేనికి, పంపారు. మూడు వారాలు, ఖర్చంతా మాదే, బియ్యం పప్పు కూడా మేమే మోసుకెళ్లాం. ఇల్లిల్లూ తిరిగి ఇంటిపేర్లు, మేనరికాలు, తేనె తీసే పద్ధతులు రాసుకున్నాం. కొండ అంచున తేనెపట్టు కోసం తాడు మీద దిగేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్న బావమరిది చేతిలో ఉంటుందట. అన్నదమ్ములు ఎందుకు పట్టుకోరని అడిగితే ఒక అవ్వ పకపకా నవ్వి, "బావమరిదైతే అక్క తాడు తెగుద్దని గట్టిగా పట్టుకుంటడు బిడ్డా" అంది. వచ్చేసే రోజు అదే అవ్వ నా నోట్‌బుక్కు తిప్పి చూసి, "ఇంత రాసుకుంటివి, ఇదంతా యాడికి పోతది? మాకొకటి ఇయ్యవా?" అని అడిగింది.

ఎక్కడికి పోయిందంటే, ఎనభై పేజీల ఇంగ్లిష్ రిపోర్టయి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని, ఇరవై నిమిషాల వైవా అయ్యాక డిపార్ట్‌మెంట్ బీరువాలోకి పోయింది.

1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం సర్కారు తరఫున గోండుల దగ్గరికి వెళ్లిన ఆంత్రపాలజిస్టు హైమండార్ఫ్ మార్లవాయి అనే గోండు ఊళ్లో మకాం పెట్టాడు. ఆయన రాసిందీ ఇంగ్లిషులోనే, కాదనను. అయినా ఆ ఊరు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటుందంటే పుస్తకాలను చూసి కాదు, అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, భూమి పట్టాలొచ్చాయి. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే ఉంది.

ఆంధ్రా, ఎస్వీ, హైదరాబాద్ సెంట్రల్, ఈ కోర్సు ఎక్కడున్నా సరే ఒక్క రూలు పెట్టండి. ప్రతి ఫీల్డ్ రిపోర్టుకూ పది పేజీలు తెలుగులో రాయించి, ఒక కాపీ ఆ ఊరి బడికి, ఒకటి ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) ఇవ్వాలి, అందినట్టు సంతకం తెస్తేనే మార్కులు వేయాలి. బస్సు చార్జీలైనా యూనివర్సిటీ ఇస్తే ఇంకా మంచిది.

నా పది పేజీలు నేను రాసేశాను, జిరాక్సులు తీయించా. వచ్చే ఆదివారం పెంటకు వెళ్తున్నా. అవ్వకు చదువు రాదు, కూర్చోబెట్టి వినిపించాలి.

— ఒక ఆంత్రపాలజీ పూర్వ విద్యార్థి, నాగర్‌కర్నూల్ జిల్లా