మార్ఫిన్ అడిగితే అనుమానమెందుకు?

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. మా చిన్నాయనకు నోటి క్యాన్సర్. దవడ నుంచి చెవి దాకా పాకిన నొప్పికి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు) మాత్రలు రాశారు, నాలుగు గంటలకొకటి. వాటితో ఇంత జావ తాగాడు, రాత్రిళ్లు కన్నంటుకుంది. అవి అయిపోయేసరికి హైదరాబాద్ దాకా పోయే ఓపిక ఆయనకు లేక, దగ్గర్లోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం.

చిన్నాయన ఖాళీ స్ట్రిప్పు బల్ల మీద పెట్టి, "గివే కావాలె సారూ" అన్నాడు. డాక్టర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పేరు బాగనే యాదికున్నదే! అలవాటైనట్టుంది" అన్నారు. రిపోర్టుల ఫైలు తెరవనేలేదు. "అంత నొప్పున్నోడు ఇంత నిమ్మళంగ కూసుంటడా?" అని నర్సమ్మతో అన్నారు. నోరు తెరిస్తేనే ప్రాణం పోతున్న మనిషి ఎట్లా అరుస్తాడు సార్? అరిచి ఉంటే నాటకం అనేవారేమో. డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి సూది వేసి పంపించారు.

డాక్టర్ల భయం నాకు తెలుసు. 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్)తో మార్ఫిన్ అంటేనే లైసెన్సులు, కేసుల టెన్షన్. మత్తు కోసం ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మింగేవాళ్లు కూడా ఉన్నారు, కాదనను. కానీ 2014లో ఆ చట్టాన్ని సవరించారు కదా! శిక్షణ పొందిన డాక్టరున్న ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఇస్తే మార్ఫిన్ పెట్టుకోవచ్చు. క్యాన్సర్ నొప్పికి ఆ మాత్రలు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. జబ్బు ముదిరేకొద్దీ మోతాదు పెరగడం వ్యసనం కాదు. మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు కోసం గసగసాల పంట పండిస్తున్నారు. నల్లమందు మన దగ్గరే ఉండి, మాత్ర మాత్రం మన ఊళ్లకు చేరదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ పెద్దాస్పత్రులతోనే సరిపెట్టకండి. దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల కూడా కనీసం ఒక్క డాక్టరుకు ఈ శిక్షణ ఇప్పించి, ఆస్పత్రికి గుర్తింపు ఇప్పించండి. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో పేషెంటునే అడిగి చీటీ మీద రాయాలి. మార్ఫిన్ ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కూడా ఆ చీటీ మీదే రాసి సంతకం పెట్టాలి. మంచాన పడ్డవాళ్ల తరఫున ఇంటివాళ్లు కాగితాలు తెస్తే మాత్రలు ఇచ్చే వీలుండాలి. చిన్నాయన ఇప్పుడు కారులో కూడా కూర్చోలేకపోతున్నాడు.

ఇట్లు,
ఒక పేషెంటు ఇంటి మనిషి,
నల్గొండ జిల్లా