ఆదివారం మీటింగ్: ఈసారి శాంతా సిన్హా గారి గురించి

అన్నలకు, అక్కలకు నమస్తే. ఆదివారం పొద్దున పదింటికి హన్మకొండలో ఎప్పుడూ కలిసే చోటే. ఈసారి శాంతా సిన్హా గారి గురించి మాట్లాడుకుందాం. నెల్లూరులో పుట్టిన ప్రొఫెసర్. 1981లో తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద మొదలైన ఎం.వి. ఫౌండేషన్‌ను ముందుండి నడిపారు. రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పనికి పోయే పిల్లలను కొన్నాళ్లు శిబిరంలో చదివించి, వయసుకు తగిన క్లాసులో చేర్పించేవారు. నాకు నచ్చింది ఇదే. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మళ్లీ పత్తి చేనుకే పోతుంది కదా! 2003లో మెగసెసే అవార్డు, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్.

మన దిక్కు పత్తి ఏరుడు మొదలైంది. బడి మానిన పిల్లలు కనిపిస్తే రాసుకొని రండి. పేర్లు మాత్రం గ్రూప్‌లో పెట్టకండి.